కాటా రూములో ఒంటిగంట ఇరవై

దామరచర్ల రోడ్డు పొడుగునా లారీలు,
మిల్లు గేటు కాడికెల్లి పెట్రోలు బంకు దాటి.
వడ్ల సీజను.
కాటా రూములో కంప్యూటరు
నల్ల తెర మీద ఒకటే మాట పట్టుకొని కూసుంది:
రూటు దొరకలేదు.

పొద్దూకి కరెంటు పోయినప్పుడు
సుగుణ డబ్బా మూత తీసి దుమ్ము దులిపిందట.
మూడు వైర్లు ఊడినయి, మళ్ల పెట్టింది.
ఏది ఏ రంధ్రంలదో యాది లేదు.
"నేనే చెడగొట్టిన్నా, సైదులన్నా?"
లేదు చెల్లె.
నాలుగేండ్ల కింద నేనే రాసిన
జోడీ అంటే ఏ, బీ అని.

ఆ అక్షరాలకు అర్థం లేదు.
ముందు లేచిన డిస్కు ఏ, ఎనక లేచింది బీ.
ఇయ్యాల పాత బ్యాకప్పు డిస్కు
అందరికంటె ముందు లేచి
ఏ అని చెయ్యెత్తింది.
దాని కడుపుల రూటేడిది?
పోయిన యాసంగి లెక్కలు తప్ప.

అసలు జోడీ పక్కనే ఉంది.
ఒకదాంట్ల రాసిందే రెండోదాంట్ల:
లారీ నెంబరు, తేమ శాతం,
రైతు పేరు, తాలు కోత,
అక్షరం పొల్లుపోకుంట.

జానీపాషా తలుపుకు ఒరిగి అన్నడు
"రెండున్నయంటివి గద,
ఏదో ఒకటి సూపెట్టి నడిపియ్యరాదు?
రాత్రంత ఈడ్నే పండాల్నా?"

నడుస్తది భాయ్.
నడుస్తదనే నా భయం.
సగాన్ని మొత్తమనుకొని లేపితే
అది ఒక్కతే రాసుకుంట పోతది.
రెండోదానికి ఈ రాత్రే తెల్వదు.
రేపు ఎదురుబొదురు నిలబెడితే
రెండూ ఒట్టేసి చెప్తయి,
రెండు తీర్లుగ.

"సరే, నీ వడ్ల బరువెంత?"
"తూకమే కాకపాయె."
"ఇప్పుడు కాటా ఎక్కితే తెలుస్తదా?"
"అదెట్ల? దించినంక ఖాళీ లారీ గూడ తూచాలె,
రెండైతేనే గద…"
అని ఆగిండు.
బీడీ అంటించుకొని బయటికి పోయిండు.

పిలిచే పేరు వదిలేసి నొసటి రాత చూసిన.
జోడీలో రెండింటికీ ఒకటే రాత,
ముప్పై రెండు గుర్తులు.
ఏ వైరుకు తగిలించినా మారదు.
సుగుణ సెల్లు వెలుతుర్ల చదివింది,
నేను కొట్టిన:
మూడు, ఎఫ్, తొమ్మిది, తొమ్మిది…
"రెండు తొమ్మిదులా?"
"రెండే."
రూటు కాడ ఏ తీసేసి, బీ పెట్టకుంట,
రెండూ కలిస్తే అయ్యే దాని పేరు పెట్టిన.

కొంచెం సేపు ఏం కాలేదు.
ఎలుక ఒకటి గోనెసంచుల మీదికెల్లి ఉరికింది.
తర్వాత డబ్బాల రెండు దీపాలు
ముందూ ఎనకా కాకుంట
ఒక్కసారే మినుకుమన్నయి.

మూత లోపలి దిక్కు మార్కరుతో
ఆ ముప్పై రెండూ రాసిపెట్టిన.
కింద సుగుణ తన దస్తూరీల చేర్చింది
"దుమ్ము ఉన్నా సరే. ముట్టొద్దు."

మొదటి లారీ పాషాదే.
కాటా మీద అంకెలు వణికి వణికి నిలబడ్డయి.
చీటీ చింపి చేతికిచ్చింది.
నిండు బరువు కాడ అంకె ఉంది.
ఖాళీ బరువు కాడ
ఇంకా ఖాళీ.