పొట్టి పోగు, పొడుగు పోగు

జుబైల్‌లో రాత్రి పదకొండున్నర.
సూక్ష్మదర్శిని కింద పలక
నూట తొంభై డిగ్రీల నుంచి నూట ఇరవైకి దిగుతోంది.
నా పని చూడటం,
నిమిషానికో ఫొటో తీయటం.
ఏసీ హోరులో నాకు సాంచాలు వినిపిస్తాయి.
సిరిసిల్లలో తొమ్మిదేళ్లు వాటి పక్కన నిలబడ్డ చెవులు,
ఏ హోరునైనా అవే అనుకుంటాయి.

కరిగి ఉన్నంతసేపూ ఏమీ లేదు. చీకటి.
తర్వాత ఓ మూల ఒక చుక్క.
చుక్క వలయమవుతుంది, వలయం మీద
ఎవరో తప్పు కొట్టేసినట్టు నల్లటి ఇంటూ గుర్తు.
ముప్పై సెకన్లకి ఇంకోటి.
ఇంకోటి.

ఇవి పొట్టి గొలుసులవి.
తేలిగ్గా మలుగుతాయి, మడత మీద మడత పడి
చోటు దొరకగానే కూర్చుంటాయి.
పొద్దున ఆ పొరని రెండు వేళ్ల మధ్య వంచితే
అప్పడంలా ఫట్.

పొడుగు గొలుసుల పలక పెట్టామా,
టీ తాగి రావచ్చు,
నమాజుకి వెళ్లిన రఫాఖత్ వచ్చి మళ్లీ వెళ్లవచ్చు.
చిక్కుపడ్డ కండె చూశారా ఎప్పుడైనా?
కొస దొరకదు. దొరికిన కొస ఏ పోగుదో తెలీదు.
లాగితే బిగుస్తుంది.
ఇవీ అంతే. స్ఫటికం కావాలనే ఉంటుంది,
కాళ్లు ఇంకో ముగ్గురి కాళ్లలో ఇరుక్కుని ఉంటాయి.
కానీ తెగవు.
ఒకే పోగు రెండు స్ఫటికాల్లో చెరో కొస పెట్టి
మధ్యలో వేలాడుతుంది.
ఆ వేలాడేదే బలం, అంది హెస్సా మేడం.

నేను వెంటనే మా రూము సంగతి ఎత్తుకున్నాను:
రెండేళ్ల వీసావాళ్లు వారంలో సర్దుకుంటారు,
మంచం, మేకు, మేకుకో సంచి.
పోశెట్టి వచ్చి ఇరవై రెండేళ్లు, ఇప్పటికీ...
ఆమె చెయ్యెత్తి ఆపింది.
"ఇవి మనుషులు కాదు అంబదాస్, ఎస్టర్లు."
నేను ఫొటో తీశాను, స్ఫటికాన్ని.

సిరిసిల్లలో నేను నేసిందీ పాలిస్టరే.
అది ఏ మట్టిలో ఎన్నేళ్లుంటుందో
నన్నెవరూ అడగలేదు. మీటరు లెక్క అడిగారు.

మేడంది అల్ అహ్సా. అక్కడ ఖర్జూరపు గెలలకి
సంచులు తొడుగుతారు, పిట్టలు పొడవకుండా.
ఆ సంచి కోసమే ఇదంతా.
జూన్ ఎండకి జారకూడదు,
సెప్టెంబరు దాకా చినగకూడదు,
ఆ తర్వాత ఉండకూడదు.
ఒక్క పంటకాలం బతికి పొమ్మని
ఒక వస్తువుని బతిమాలటం ఎంత కష్టమో
నూట నలభై రెండో పలక దగ్గర అర్థమైంది.

ఆ రాత్రి కలిపింది, పొడుగులో
వందకి పన్నెండు పాళ్లు పొట్టి.
చిక్కులో నూనెచుక్క దిగినట్టు
పొట్టివి సందుల్లో దూరాయి. పొడుగువి కాళ్లు కదిపాయి.
చుక్కలు ఈసారి చిన్నవి, బోలెడు,
నువ్వులు చల్లినట్టు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ.
వంచాను. వంగింది.
మళ్లీ వంచాను.
మేడం ఏమీ అనలేదు,
తన ఫ్లాస్కులోని గహ్వా నాకూ ఇంత పోసింది.

మరుసటేడు అక్టోబరులో తోటలో తవ్వి చూశాం.
మట్టి ముందు మెత్తటివాటినే తింది,
ఎక్కడా సర్దుకోనివాటిని, మధ్యలో వేలాడినవాటిని.
బుద్ధిగా మడతేసి కూర్చున్నవి
తెల్లటి పొడిగా మిగిలాయి, వేలికి సున్నంలా.
"ఇవీ పోతాయి."
"ఎప్పుడు?"
"నీళ్లు పెట్టినకొద్దీ."
చెట్టు మొదట్లో కాలవ పారుతూనే ఉంది.

పొడిని కాగితంలో పొట్లం కట్టాను.
రేపు తూకం వేయాలి.
రిపోర్టులో చివర ఒక గడి ఉంటుంది, 'మిగిలినది' అని.
అందులో అంకె మాత్రమే రాయాలట.