పేరు లేని స్టేజీ

ఎక్కిన ప్రతివాళ్ళనీ అడుగుతాను, ఎక్కడికీ?
కూర్మన్నపాలెం, షీలానగర్, ఎన్ఏడీ, కంచరపాలెం...
చెప్పగానే వేలు మిషన్ మీదికి వెళ్తుంది,
టికెట్టు నాలుకలా బయటికొస్తుంది.
పదకొండేళ్ళ సర్వీసులో
పేరు లేని స్టేజీ ఒక్కటీ చూడలేదు.

పూర్ణా మార్కెట్ మందుల షాపులో
దురదకి ఆయింట్‌మెంట్ ఇవ్వు బాబూ అన్నాను.
కుర్రాడు తలెత్తకుండా అడిగాడు: ఎక్కడ?

నా వెనక ఇద్దరు మగాళ్ళు.
చేతికి, అన్నాను.
మోచెయ్యి చూపించాను కూడా.

మే నెలలో ఈ ఊరి ఎండ ఎండలా ఉండదు,
ఉడికే గిన్నె మీద మూతలా ఉంటుంది.
సముద్రం తన తడంతా మన ఒంటి మీదే ఆరేసుకుంటుంది.
చీర మీద ఖాకీ కోటు, చీర కింద పాలిస్టర్ లంగా,
దాని కింద పొద్దుట నాలుగున్నర నుంచీ ఆరని చెమట.
గాజువాక సిగ్నల్ దగ్గర
బ్యాగు ముందుకి లాక్కుని తొడలు నొక్కిపట్టి నిలబడితే
సీటులోంచి ఒక తాత అన్నాడు:
"అమ్మి ఒణుకుతన్నాది, జొరమేటో."

డ్యూటీలో నీళ్ళు తాగను.
తాగితే కాంప్లెక్సు దాకా బిగబట్టాలి.
అక్కడికి చేరాక
పచ్చి గాయం మీద ఉప్పు.

రాత్రి బాత్రూము గొళ్ళెం పెట్టుకుని
డెట్టాల్ నీళ్ళు. గులాబీ వాసన సబ్బు. ఒకనాడు నిమ్మచెక్క.
ఏ తప్పు చేశానని అంత తోముకున్నానో!
చేతికని కొన్న ట్యూబు మూడు రోజులు చల్లగా ఉండి
నాలుగోనాడు మంటని రెట్టింపు చేసి అప్పజెప్పింది.
మా ఆయన అటు తిరిగి పడుకున్నాడు, నాకు కోపమనుకుని.
కోపమే అనుకోనీ అని
నేను ఇటు తిరిగాను.

నూకరత్నం వదిన కనిపెట్టింది,
డిపో గదిలో కుర్చీ అంచున నేను కూర్చున్న తీరు చూసి.
"ఏటే, పల్లేరుకాయల మీద కూకున్నట్టు?
నాకూ వొచ్చింది. సుగరున్నాదని తెలిసింది దాంతోనే.
సెవి నొప్పెడితే సెవి అనవేటి?"
చెవికి పేరుంది వదినా.
ఆవిడ నవ్వలేదు. కొంగుతో మెడ తుడుచుకుని
"పద," అంది.

కేజీహెచ్ ఓపీలో నలభై మూడో నంబరు.
డాక్టరు సులోచనా మేరీ. బల్ల మీద సగం తాగిన టీ.
ఎక్కడ? అని ఆవిడ అడగలేదు.
తెర లాగింది, లైటు తిప్పింది,
"ఇప్పుడు ముట్టుకుంటానమ్మా" అని చెప్పి మరీ ముట్టుకుంది.

"చర్మం లేచిపోయేలా కడిగావు.
శుభ్రం తక్కువై కాదు, ఎక్కువై వచ్చింది సగం.
సబ్బొద్దు, డెట్టాలొద్దు, పౌడరొద్దు.
ఉత్త నీళ్ళు. మెత్తగా అద్ది, ఆరనియ్యి.
మిగతా సగం ఫంగసు, దానికి ఈ మందు.
తగ్గిందని మధ్యలో మానకు.
ఆ ట్యూబు పారెయ్. సుగరు పరీక్ష చేయించు. నీళ్ళు తాగు.
లోపలివి నూలువే వేసుకో. అవి ఎండలోనేనా ఆరేసేది?"

ఎండలోనా?
మా అమ్మ తువ్వాలు కింద దాచి ఆరేసేది.
నేనూ అంతే. ముక్క వాసనతో, సగం తడిగా,
ఒక్కనాడూ సూర్యుణ్ణి చూడని గుడ్డలు.

ఆదివారం డాబా ఎక్కి
ఆరింటినీ వరసగా తీగకి క్లిప్పులు పెట్టాను.
డాల్ఫిన్స్ నోస్ వైపు నుంచి గాలి కొట్టింది.
అవి ఉబ్బాయి, చిన్న చిన్న తెరచాపల్లా,
నాకే నవ్వొచ్చింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.
ఓనరమ్మ వరహాలు గారు, వడియాల పళ్ళెంతో.
తీగని చూసింది. నన్ను చూసింది.
ఏదో అంటుందని వంగి బకెట్టు అందుకున్నాను.

పళ్ళెం దించలేదు, చాలాసేపు.
తర్వాత, గోడకి చెప్పినట్టు:
"ఆ డాక్టరమ్మ... ఎక్కడ కూసుంతాదే?"

బ్యాగులోంచి ఖాళీ టికెట్ రోలు చింపి
వెనకవైపు రాశాను
అన్ని అక్షరాలూ.