ఏడో నంబరు దూలం

షెడ్డు తాళంతో పాటు ఇల్పో నా చేతిలో పెట్టింది
ఒక పెన్సిలు, ఒక భూతద్దం,
పదకొండేళ్ల లెక్కలున్న నోటుబుక్కు.
"బుధవారం బుధవారం వచ్చి చూడు.
ముట్టుకోకు," అన్నాడు.
అంతే నాకిచ్చిన శిక్షణ.

సవోన్‌లిన్నాకి ఉత్తరాన, సరస్సు ఒడ్డున
పొయ్యి లేని షెడ్డు.
గోడ పలకల సందుల్లోంచి
బయటి గాలి అడక్కుండా వచ్చిపోతుంటుంది.
లోపల పన్నెండు స్ప్రూస్ దూలాలు.
ఒక్కోదాని కొసన ఒక గాటు,
నడుముకి గొలుసులతో వేలాడే కాంక్రీటు దిమ్మెలు.

ఏ దిమ్మే దూలం మోయలేనిది కాదు.
అయిదు నిమిషాల్లో విరగ్గొట్టాలంటే
ఇంతకి రెట్టింపు వెయ్యాలి.
ఇక్కడ అడుగుతున్నది వేరు:
మోయగలిగినదాన్నే
దించకుండా మోస్తే?

అక్టోబరులో చెమ్మ ఎక్కుతుంది.
నానిన శనగలా చెక్క ఉబ్బుతుంది,
పగులు పెదాలు బిగిస్తుంది.
భూతద్దానికి దొరకదు,
గోటికి మాత్రం తగుల్తుంది.
వచ్చిన కొత్తలో నేను "మానిపోయింది" అని రాశాను.
కాఫీకి వచ్చిన ఇల్పో ఆ మాట కొట్టేసి
పైన "మూసుకుంది" అని రాసి
ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు.

ఏప్రిల్ ఆఖర్లో, మంచు పోయి
బర్చి చెట్లకి ఇంకా ఆకు రాని రోజుల్లో
పొడిగాలి తిరుగుతుంది. అప్పుడు వినాలి.
పైపొర ముందు ఆరి, ముడుచుకుందామంటుంది.
లోపలి చేవ ఇంకా తడిమీదుండి, కదలనంటుంది.
ఒకే ఒంట్లో రెండు రుతువులు.
ఆ పేచీ నడుమ గాటు మూలనుంచి
టిక్...
అన్నంలో రాయి పంటికింద పడ్డంత చప్పుడు.
పగులు కొసన గీత గీస్తాను, పక్కన తేదీ వేస్తాను.

తడిసి ఆరిన ప్రతిసారీ
నడుము ఇంకో వెంట్రుకవాసి కిందికి.
పదకొండేళ్లలో మారనిది బరువొక్కటే.

ఏడో దూలం మీద
ఒకచోట మూడు బుధవారాలు గీతల్లేవు.
ఆ ఖాళీలో పగులు తొమ్మిది మిల్లీమీటర్లు నడిచింది.
నోటుబుక్కులోనూ మూడు గళ్లు తెల్లగా ఉన్నాయి.
అడిగాను.
"ఆ ఏడు వసంతం బాగా పొడిగా ఉండింది,"
అని కప్పు అడుగు చూసుకున్నాడు ఇల్పో.
అదే వసంతంలో సైమీ పోయిందని
కిరాణా కొట్టులో ఎవరో చెప్పారు.

తర్వాత డబ్బయిపోయింది. ఉత్తరం వచ్చింది:
బరువులు దించి, కొలతలు పంపి, తాళం వెయ్యమని.
గొలుసులు ఒక్కొక్కటే విప్పాను.
ఏడోది అప్పటికి ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు వంగి ఉంది.
దిమ్మె నేల తాకగానే పద్నాలుగు పైకి లేచింది,
ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టు.
వేసవి ముగిసేలోగా ఇంకో ఆరు.
మిగతా పద్దెనిమిదీ ఇక దూలానివే.
దాన్ని వంపు అనడం కూడా తగ్గించాను,
అదే దాని ఆకారం.

నివేదిక పంపేశాను. తాళం వెయ్యలేదు.

ఈ ఏప్రిల్లో, అలవాటు చొప్పున, ఒక బుధవారం
ఖాళీ గొలుసుల కింద నిలబడి ఉన్నాను.
దేన్నీ మొయ్యని దూలంలోంచి
టిక్.

ఇల్పోకి ఫోన్ చేశాను.
"ఏడోదేనా?" అన్నాడు.
"చెమ్మ ఎంతుంది?"
"పన్నెండు శాతం."
అవతల చెంచా కప్పుకి తగిలింది.
చాలాసేపు ఇంకే చప్పుడూ లేదు.
"నేను చేసినప్పుడు పెన్సిలు వాడిగా ఉండేది," అన్నాడు,
"చెక్కుకుని
గీత గియ్యి, రౌనీ."