మిగిలిన ముక్క

నాచారంలో మా ల్యాబు కిటికీ తెరుచుకోదు.
దుమ్ము రాకూడదని మూడు తలుపులు,
చెప్పులు విడవడానికే ఒక గది.
బయట మల్లాపూర్ వైపు పోయే లారీలు
రోడ్డును మెత్తగా నూరి
గాలికి పెడుతుంటాయి.

ఈరోజు బల్లమీద పదకొండో సీసా.
నల్ల చాక్లెట్టు, డెబ్బై అయిదు పాళ్ళు కోకో.
సైనిక్‌పురిలో రెండు గదులు అద్దెకు తీసుకుని
గింజలు వేయించే జుబేదా
తనే తెచ్చిచ్చింది, చేతులకింకా ఆ మాడు వాసన.
ఫోన్లో ఫొటోలు చూపించింది:
ఏలూరు అవతల కొబ్బరితోట నీడలో
కొమ్మకు కాక, మొద్దుకే, ఒంటికే కాసిన కాయలు.
తారురోడ్డు అంచున ఎండకు పరిచిన గింజలు,
ఫొటో మూలలో సగం లారీ.
"రంగు చూడండి మేడమ్, ఎంత బావుందో!"
నేను లారీని చూశాను.

అర గ్రాము తూచాను.
ఆమ్లం పోసి మూత బిగించాను.
ముందు తీపి పోతుంది,
తర్వాత వెన్న,
ఆ తర్వాత జుబేదా రాత్రుళ్ళు మేలుకుని పట్టుకున్న ఆ వాసన.
ఎర్రటి పొగ ఒకటి లేచి
చివరికి నీళ్ళలాంటి నీళ్ళు మిగులుతాయి.
వాటిలో ఏది పోలేదో
అదే నాకు కావలసింది.

కాడ్మియం కింది నుంచి వస్తుంది.
వేరుకు చదువు రాదు పాపం,
జింకును పిలిస్తే దాని పోలికతో ఇదొచ్చి నిలబడుతుంది,
కవలల్లో ఎవడొచ్చాడో చూడకుండా
అన్నం వడ్డించే మేనత్తలా
చెట్టు పళ్ళెం పెట్టేస్తుంది.
సీసం అలా కాదు. అది చెట్టెక్కదు.
కాయ కోశాక వస్తుంది,
దుమ్ము భుజాలమీద కూర్చుని.

సీసం అంటే పదో తరగతిలో పద్యం మాకు.
పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు,
వేళ్ళు మడిచి లెక్కపెట్టించేవారు రంగాచార్యులు మాస్టారు.
చివర ఎత్తుగీతి మరిస్తే
సగం మార్కులు కోత.
ఇప్పుడూ లెక్కపెడుతూనే ఉన్నాను,
మిషను తెరమీద, దశాంశానికి కుడివైపు.

పరిమితికి లోపలే వచ్చింది.
లోపలే అంటే
గడప మీద కాలు పెట్టి నిలబడ్డవాడు
ఇంట్లో ఉన్నట్టు.

ఆరింటికి బుగ్గయ్య వచ్చాడు, సీసాలు కడగడానికి.
తొమ్మిదేళ్ళుగా అడిగే మాటే అడిగాడు:
"మిగిలింది పారేసుడేనా మేడమ్?
మా పొట్టిదానికి కొంటవోత."
తొమ్మిదేళ్ళుగా సరే అన్న నోరు
ఇవాళ ఇంకొకటి అడిగింది.
"ఎంత బరువుంటది మీ మనవరాలు?"

"బరువా?" బిత్తరపోయాడు.
"మొన్న అంగన్‌వాడీల జోకిన్రు,
పదకొండు కిలోలు. ఎందుకు మేడమ్?"

ఎందుకో చెప్పాలంటే
గీత ఎవరి ఒంటికి కొలిచి గీశారో చెప్పాలి.
చిన్న ఒళ్ళు పెద్ద ఒంటికన్నా
సీసాన్ని ఎక్కువ దాచుకుంటుందని చెప్పాలి.
తొమ్మిదేళ్ళ మిగులు ముక్కల గురించి,
ఈ పిల్లకు ముందు తిన్న దాని అన్న గురించి
ఏదో ఒకటి చెప్పాలి.
నా నోట సరే రాలేదు, వద్దూ రాలేదు.

"కొత్త రూలా? పోనీండ్రి" అని
తనే నన్ను గట్టెక్కించాడు.
చేతులు తుడుచుకుని దీపాలార్పాడు.

జుబేదాకు ఫోన్ చేశాను.
గింజలు రోడ్డు పక్క ఎండబెట్టొద్దని చెప్పమన్నాను రైతుకు.
"మరి ఎక్కడ ఎండబెట్టాలి?" అంది.
ఆమె అడిగింది నన్ను కాదు.
రిపోర్టులో వ్యాఖ్యల గడి ఖాళీగానే పంపాను.
ఎత్తుగీతి లేని సీసం.

గేటు దాటుతుంటే కనిపించాడు బుగ్గయ్య,
మూల కొట్టు దగ్గర, చిల్లర లెక్కపెడుతూ.
గులాబీ రంగు కాగితంలో మిఠాయి, రెండు రూపాయలది.
పైన పేరు లేదు, ఊరు లేదు.
మా బల్లమీదికి
దాని సీసా ఎన్నడూ రాలేదు.