కచ్చా కుట్టు

నల్లకుంట మార్కెట్ వెనక సందులో
ఆరడుగుల షట్టరు నాది.
ఫాల్, పికో, రఫూ అని బోర్డు.
మెట్టు పక్కన పాత పెయింటు డబ్బాలో
ఒక ముద్దమందారం.

శ్రావణం ఆర్డర్ల తొందరలో
నేను చూసుకోనే లేదు,
ఎవరో ఆకుని గరాటులా చుట్టి
అంచు కుట్టేసి పోయారు.

సూది మొనతో ఒక్కో టాకా విప్పాను.
లోపల నీళ్లపచ్చ పురుగు, నల్లటి తల,
చుట్టూ ఆవాలకన్నా చిన్న రెట్ట గింజలు.
వెనక్కి వెనక్కి జరిగి
దారం పట్టుకుని వేలాడింది.

"మందు కొట్టు, చెట్టంత తింటది"
అంది ఇస్త్రీ బండి మణెమ్మ.
తింటుంది, నిజమే.
నేను మాత్రం గుడ్డ కత్తిరించకుండా
ఏం కుట్టాను గనక?

నాకు రఫూ నేర్పిన ఖుద్దూస్ సాబ్ అనేవారు:
"చిరుగు కనపడొద్దు బేటీ,
చెయ్యి అసలే కనపడొద్దు."
ఇప్పుడాయన కళ్లకి శుక్లాలు.
ఇంకో చుట్ట తెంపుకెళ్లి వేళ్ల కింద పెట్టాను.
కుట్టు వెంట బొటనవేలు నడిపించి
చాలాసేపు ఊరుకుని
"మిషను కాదు, చేతి పని" అన్నారు.
"ఎవరి దగ్గర నేర్చిందట?"

తల్లి దగ్గర కాదు.
తల్లి ఒక రాత్రి ఆకు అడుగున గుడ్లు అంటించి
వీధిదీపం చుట్టూ తిరిగి తిరిగి
ఎటో రాలిపోయింది.

మర్నాడు, తప్పు చేసినదానిలా,
విప్పిన ఆకుని నా పట్టుదారంతో మళ్లీ చుట్టాను.
నా కుట్టు దానికి పట్టనే లేదు.
పక్క ఆకు మీదికి పోయి
తల అటూ ఇటూ ఊపుతూ, నోట్లోంచి దారం తీస్తూ
తెల్లారేసరికి కొత్త గది కట్టుకుంది.

కొన్నాళ్లకి తిండి మానేసింది.
ఎండకి పట్టి చూస్తే
లోపల ఎర్రమట్టి రంగు ప్యూపా.
నవ్వులాటకి బిల్లుబుక్కులో రాశాను:
కస్టమరు: మందారం గారు.
పని: రెక్కలు, రెండు జతలు.
అడ్వాన్సు: పద్నాలుగు ఆకులు.
డెలివరీ: శనివారం.

శుక్రవారం రాత్రే ఇచ్చేసింది.
చెప్పిన తేదీకి ముందే ఇచ్చిన దర్జీ
ఈ సందులో ఇంకొకరు లేరు.

ట్యూబులైటు కింద
ఎవరిదో పెళ్లి బ్లౌజు ముక్క మీద వాలింది.
మీగడ రంగు రెక్కలు,
వాటి నిండా వంకరటింకర గోధుమ గీతలు,
పనయ్యాక లాగేయడం మరిచిపోయిన
కచ్చా కుట్టులా.
మిషను మీంచి కాలు తీశాను.

ఖాళీ చుట్ట ఇంకా కొమ్మకే ఉంది,
ఎండి, అప్పడంలా.
విప్పుదామని సూది అందుకున్నాను గానీ
"కరెంటు పోతదంట, జల్ది కానియ్యి" అని
మణెమ్మ కేకేసింది.
బ్లౌజుకి హుక్కులు ఇంకా మిగిలున్నాయి.