నీళ్లు తాగే ట్యాంకరు

మా ఇంట్లో ఉన్న ఒకే గొడుగు ఎండది.
షార్జాలో పదకొండేళ్లు నా తల మీద కాలి కాలి
వెల్లుల్లి పొరలా పలచబడింది.
సోమవారం రాత్రి బాల్కనీలో తెరిస్తే
వాన దాన్ని లెక్కచెయ్యకుండా
నేరుగా నా నడినెత్తిన దిగింది.

ముందు ఫోన్లు అరిచాయి,
అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.
తర్వాత ఆకాశం.

ఈ ఇల్లు కట్టినవాడు వానను నమ్మలేదు.
కిటికీ పట్టాలకు బెజ్జాలు లేవు, బాల్కనీకి వాలు లేదు.
స్విచ్చుబోర్డులోంచి సన్నగా, సిగ్గుపడుతూ
కొత్త కోడలిలా వచ్చింది నీరు.
తువాళ్లు అయిపోయాయి. దుప్పట్లు అయిపోయాయి.
ఓబులేసు ఆఫీసు చొక్కాలు కూడా గడప కింద పరిచాను.
అతనేమో జెబెల్ అలీలో, కోల్డు స్టోరులో,
గడ్డకట్టిన చేపల మధ్య చిక్కుకుని ఉన్నాడు.

తూములో మోచేతి దాకా చెయ్యి పెట్టాను.
పావురాల ఈకలు, పిడికెడు ఇసుక, ఇంకో పిడికెడు,
మాకు ముందు అద్దెకున్న ఎవరిదో నీలం క్లిప్పు.
గుడగుడమని దిగింది నీరు,
గొంతుకడ్డం పడ్డ ముద్ద జారినట్టు.

అప్పుడు కరెంటు పోయింది.
పదకొండేళ్ల ఏసీ హోరు ఆగేసరికి
గోడ అవతల హాజ్జా సుఆద్ దగ్గు వినబడింది,
పైన ఎవరో ఏ భాషలోనో పసివాణ్ణి జోకొడుతున్నారు.
ఇంతమంది మధ్యనా నేనుంటున్నది?

"దీన్ని ఎప్పుడు ఆపుతారమ్మా?" అంది చిన్మయి.
ఎవరు ఆపాలే?
"బిల్డింగు వాళ్లు."
ఏడేళ్ల పిల్ల. ఇక్కడే పుట్టింది.

మా కంబదూరులో దీన్ని అడుక్కునేవాళ్లం.
కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి
ఇల్లిల్లూ తిరిగితే చేటలో గింజలు,
కప్ప మీద చెంబెడు నీళ్లు.
కప్ప తడిసేది. మోసే పిల్లలం తడిసేవాళ్లం.
చేను తడిసేది కాదు.
ఇక్కడ ఎవరడిగారని?

తెల్లారేసరికి కార్లకు అద్దాల దాకా నీళ్లు.
కిరాణా షిహాబు చేపల పెట్టె మీద రొట్టెలు పెట్టి
పడవలా తోసుకొచ్చాడు. తాడు కట్టి సంచి దించాం.
నాలుగు ఖుబూసులు, ఒక పాలడబ్బా.
డబ్బులు తర్వాత అని చెయ్యూపాడు.

మూడోనాడు ఎండ, ఏమీ ఎరగనట్టు.
సందు మొదట్లో ట్యాంకరు ఆగింది.
నా కాళ్లు వాటంతటవే మెట్ల వైపు నడిచాయి,
చేతిలో బిందె లేదని తలుపు దగ్గర గుర్తొచ్చింది.
ఆ ట్యాంకరు పోయడానికి రాలేదు.
లావుపాటి గొట్టం వీధిలోకి వేసి
బురబురా తాగింది, నిండింది, పోయింది,
ఇంకోటి వచ్చింది.

గంగులక్క ఫోను:
"ఈడ ట్యాంకరు బేస్తవారం వస్తాదంట మే,
మీకాడ ఎక్కువైతే రెండు బిందెలు ఇట్ల తొయ్యరాదా."
నవ్వింది. నేనూ నవ్వాను.
ఇద్దరం ఒకేసారి ఆపేశాం.

ఆ రాత్రి ఓబులేసు వచ్చాడు, మోకాళ్ల దాకా బురద.
స్నానాలగదిలో అడుగు పెట్టే చోటు లేదు.
ఐదు బకెట్లు, రెండు గిన్నెలు, పాప నీళ్లసీసా కూడా,
అన్నిట్లో కారిన వాన.
"ఇదంతా ఎందుకు దాచినావు?"
పారబోయడానికి చెయ్యి రాలేదన్నాను.

అతనిదీ ఆ పక్క ఊరే.
ఇంకేమీ అడగలేదు. వంగి,
ఒక్క చెంబు ముంచుకుని
ఆ ఒక్క చెంబుతోనే
రెండు కాళ్లూ కడుక్కున్నాడు.