గార్డియన్ సంతకం

మెట్‌పల్లి బస్టాండు పక్క నా నెట్ సెంటర్ల
కులం, ఆదాయం కాయిదాలే ఎప్పుడూ.
ఇయ్యాల శ్రీనిజ నార్వే బడి ఫారం తెరిపిచ్చింది.

తల్లి వృత్తి?
కిందికి జరిపిన, జరిపిన.
పైలట్ ఉన్నది, శిల్పి ఉన్నది,
గుర్రాలకు నాడాలు కొట్టేటోడు సుత ఉన్నడు.
బీడీలు లేవు.
'ఇతరములు' నొక్కుమన్నది పిల్ల,
తల్లి దిక్కు చూడకుంట.

సంతకం కాడ గంగజల వేలుముద్ర ఏసింది.
స్కానర్ల ఉత్త మరక.
గీతలన్ని తునికాకు ఎన్నడో నాకింది.

పెన్ను గుంజుకున్నది.
కట్టలు లెక్కవెట్టే తీరు
నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డం.
"గిది నా చెయ్యే. పంపు."

పోయిందక్కా అంటే నమ్మలే.
కార్ఖాన్ల రోజూ ఎక్కిచ్చే
బీడీల పాసుబుక్కు నా ముంగట పెట్టింది.

రాసిన:
తారీఖు. నార్వే. ఒకటి.